ఎస్టీపీ నీళ్ళను ఎండిపోయిన బోరులోకి వదలొచ్చా?

బండ్లగూడ_కమిటీ

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో బండ్లగూడ జాగీర్ వైపు 200 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. దాదాపు 800 మంది ఉంటాం. ఎండాకాలం వచ్చిందంటే ట్యాంకర్లే గతి. నాలుగు బోర్లలో రెండు ఎండిపోయాయి. ఇంకోపక్క మా ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసిన నీళ్ళు రోజుకు 80 వేల లీటర్లు డ్రైనేజీలో కలిసిపోతున్నాయి.

వివరాలు ఇవీ. ఎస్టీపీ ఎంబీబీఆర్ రకం (ప్లాస్టిక్ ముక్కల మీద పెరిగే సూక్ష్మజీవులతో శుద్ధి చేసేది), సామర్థ్యం రోజుకు 120 కేఎల్ (కిలోలీటర్లు, అంటే వేల లీటర్లు), వచ్చేది రోజుకు 90 కేఎల్. తోటకు 10 కేఎల్ వాడుతున్నాం. ఫ్లష్‌కు వేరే లైను కట్టినప్పుడే వేశారు గానీ, నీళ్ళు పసుపు రంగులో వస్తున్నాయని, వాసనని ఫ్లాట్లవాళ్ళు గొడవ చేస్తే రెండేళ్ళ కింద దాన్ని బోరు నీళ్ళకు కలిపేశారు. తాజా ల్యాబ్ రిపోర్టు: పీహెచ్ 7.4; మిగతావి లీటరుకు మిల్లీగ్రాముల్లో: బీఓడీ (సూక్ష్మజీవులు తినగల మురికి) 9, సీఓడీ (రసాయనికంగా కొలిచిన మొత్తం మురికి) 46, టీఎస్‌ఎస్ (కరగకుండా తేలాడే మడ్డి) 12, టీడీఎస్ (కరిగిన లవణాలు) 1450. బోరు నీళ్ళ టీడీఎస్ 820.

ఎండిపోయిన బోరు ఒకటి 900 అడుగులు, కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) 60 అడుగులు. దాని చుట్టూ గుంత తవ్వి, కంకర పోసి, ఎస్టీపీ నీళ్ళను ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు దాటించి బోరులోకి వదిలితే రెండేళ్ళలో మిగతా బోర్లు కూడా నిండుతాయని ఒక కాంట్రాక్టరు కొటేషన్ ఇచ్చాడు. బయట దేశాల్లో ఇలాగే చేస్తారంటున్నాడు. ఇది సరైన పనేనా? కాకపోతే ఇంకే ఫిల్టరు పెడితే సరవుతుంది? అదీ కుదరకపోతే ఈ 80 వేల లీటర్లను ఏం చేసుకోవాలి?

రాతిపొర

వదలకండి. ఆ రెండు ఫిల్టర్లు పెట్టినా వదలకండి. అసలు చిక్కు మీ కాళ్ళ కింద ఉన్న రాయితో.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. పైన కాస్త ఎర్రమట్టి, దాని కింద మొరం (రాయి కుళ్ళి పొడిపొడిగా మారిన పొర, చాలాచోట్ల 10 నుంచి 20 మీటర్లు), ఆ కింద గట్టి రాయి, దాంట్లో అక్కడక్కడా పగుళ్ళు. 60 అడుగుల కేసింగ్ దించారంటే మొరం మొత్తం ఆ పైపు వెనకే ఉండిపోయింది. బోరులో పోసిన నీళ్ళు మట్టిని గానీ మొరాన్ని గానీ తాకకుండా సూటిగా పగుళ్ళలోకి దిగుతాయి. ఇసుక నేలలో అయితే రేణువుల సందుల్లోంచి రోజుకు కొన్ని అంగుళాల చొప్పున జారుతూ, సూక్ష్మజీవులను, మురికిని అక్కడే వదిలేస్తాయి. గ్రానైటు పగులు అలా వడకట్టదు, పైపులా పనిచేస్తుంది. ఆ పగులు మీ మంచి బోరుకే పోతుందో, పక్క కాలనీ బోరుకు పోతుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

రెండోది నైట్రేట్. మీ రిపోర్టులో ఆ లెక్కే లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నైట్రోజన్‌ను నైట్రేట్ లెక్కలోకి మార్చాలంటే 4.43తో గుణించాలి. ఎస్టీపీ నుంచి బయటికొచ్చే నీళ్ళలో నైట్రోజన్ 20 ఉండి, అదంతా నైట్రేట్‌గా మారిందనుకోండి, దాదాపు 89 అవుతుంది. 10 ఉన్నా 44, అంటే గీత మీద నిలబడ్డట్టే. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు నైట్రేట్‌ను పిసరంత కూడా తగ్గించవు. అది పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. ఒకసారి పగుళ్ళలో చేరాక తీయడం మన చేతిలో ఉండదు.

మూడోది బోరు పూడిపోవడం. టీఎస్‌ఎస్ 12 అంటే చిన్నదిగా కనిపిస్తుంది. 80 కేఎల్‌తో గుణించండి. రోజుకు 960 గ్రాములు, ఏడాదికి 350 కిలోల బురద ఆ సన్నటి పగుళ్ళలోకి పోతుంది. బీఓడీ 9 ఉందంటే సూక్ష్మజీవులకు తిండి కూడా మీరే పంపుతున్నారు. బోరు గోడల మీద జిగురు పొర కడుతుంది. అందుకే ఇలాంటి బోర్లు మొదటి నెల గటగటా తాగి, ఆర్నెల్లకు పైకి పొర్లుతాయి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1974 నీటి కాలుష్య నివారణ చట్టంలో 24వ సెక్షన్ కలుషిత పదార్థాన్ని బావిలోకి వదలడాన్నే నిషేధిస్తుంది. కేంద్ర భూగర్భజల సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా శుద్ధి చేసినదైనా, చేయనిదైనా మురుగునీటిని భూగర్భ పొరల్లోకి ఎక్కించొద్దంటున్నాయి. రేపు పక్కవాళ్ళ బోరులో కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే బాక్టీరియా) వస్తే కొటేషన్ ఇచ్చిన కాంట్రాక్టరును కాదు, సంతకం పెట్టిన కమిటీనే అడుగుతారు.

ఎస్టీపీ_లాగ్‌బుక్

పైన చెప్పినదంతా నిజం. నేను ఎస్టీపీ వైపు నుంచి చెప్తాను. కమిటీ గారూ, మీ మూడో ప్రశ్నకు జవాబు మీ పోస్టులోనే ఉంది.

మన లెక్కల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో ఫ్లష్‌కు 45. మీ 800 మందికి ఫ్లష్ ఒక్కదానికే 36 వేల లీటర్లు. ఫ్లష్ లైనును బోరుకు కలిపేశారంటే రోజూ 36 కేఎల్ బోరు నీళ్ళను కమోడ్లలో పోస్తున్నారన్నమాట. దాన్ని మళ్ళీ ఎస్టీపీ నీళ్ళకు మార్చిన రోజు నుంచే ఆ 36 కేఎల్ భూమిలో మిగులుతుంది. ఏ ఇంకుడు గుంతా ఏడాదికి 365 రోజులూ అంత ఇవ్వలేదు. పైగా ఇది పగుళ్ళలోకి ఒక్క చుక్క మురికి పంపకుండా జరిగే రీఛార్జి.

కాబట్టి తీర్చాల్సింది పసుపు రంగు, వాసన. రెండిటికీ మూలం చాలాసార్లు గాలి చాలకపోవడమే.

పొద్దున 6 గంటలకు, పగలు కాదు, ఏరేషన్ ట్యాంకులో (గాలి ఊది శుద్ధి చేసే తొట్టిలో) డీఓ మీటరు (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచేది) పెట్టి చూడండి. 2 మిల్లీగ్రాములు ఉండాలి, ఎంబీబీఆర్‌కు 3 ఉంటే ఇంకా మంచిది. 0.5 చూపిస్తే రాత్రి కరెంటు ఆదా అని బ్లోయర్లు (గాలి ఊదే యంత్రాలు) ఆపేస్తున్నట్టే. టైమర్ సెట్టింగు చూడండి. ట్యాంకులోంచి గుప్పెడు ప్లాస్టిక్ మీడియా తీసి చూడండి. లోపలి గదుల్లో పల్చటి గోధుమరంగు పొర ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా, జిగురుగా, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తే గాలి అందట్లేదు. నీటి పైన బుడగలు ఒక మూలే ఉప్పొంగి మిగతా ట్యాంకు కదలకుండా ఉంటే డిఫ్యూజర్లు (అడుగున గాలిని బుడగలుగా వదిలేవి) చిరిగాయి, మార్చాలి.

గాలి చాలనప్పుడు అమోనియా అలాగే మిగిలిపోతుంది. ఇక్కడే ఆపరేటర్లు పొరపడతారు. వాసన వస్తోందని హైపో (క్లోరిన్ ద్రావణం) డోసు పెంచుతారు. అమోనియా ఉన్న నీళ్ళలో క్లోరిన్ ముందు దానితోనే కలిసిపోతుంది. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్ దాటి స్వేచ్ఛగా క్లోరిన్ మిగలాలంటే 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ పడుతుంది. అమోనియా 10 ఉంటే లీటరుకు 80, 100 మిల్లీగ్రాములు కావాలి, అంత ఎవరూ పోయరు. ఫలితం: హైపో ఖర్చు అవుతుంది, ఈత కొలను వాసన వస్తుంది, సూక్ష్మజీవులు మాత్రం సరిగా చావవు. అమోనియాను ముందు ఏరేషన్‌లో 0.5 కిందికి తెచ్చాక, లీటరుకు 5 మిల్లీగ్రాముల క్లోరిన్ సరిపోతుంది. 36 కేఎల్‌కు 180 గ్రాములు, అంటే 10 శాతం హైపో రోజుకు 1.8 లీటర్లు. చివరి ఫ్లాటు సిస్టర్న్‌లో (ఫ్లష్ తొట్టిలో) 0.5 మిగిలితే చాలు. హైపో డబ్బాలు ఎండలో పెట్టకండి, బలం త్వరగా పోతుంది.

అమోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని) తినేస్తుంది, మిల్లీగ్రాముకు 7 చొప్పున. పీహెచ్ 6.8 కిందికి జారితే సోడా కలపాల్సొస్తుంది. మీకు 7.4 ఉంది కాబట్టి ప్రస్తుతానికి భయం లేదు. లేదా అసలు అమోనియా మారనే లేదేమో, అదీ చూడండి!

ఇసుక ఫిల్టరుకు రోజూ బ్యాక్‌వాష్ ఇవ్వాలి (నీళ్ళను వెనక్కి పంపి కడగాలి). లోపలికి, బయటికి మధ్య ప్రెజర్ తేడా 0.5 కిలో దాటితే రోజు పూర్తయ్యేదాకా ఆగకుండా అప్పుడే ఇవ్వాలి. పసుపు రంగు ఇంకా ఉంటే కార్బన్ అయిపోయింది, మార్చాలి. వీటి తర్వాత అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్ (అతి సన్నని రంధ్రాల వడపోత పొర) పెడితే నీళ్ళు అద్దంలా వస్తాయి, టర్బిడిటీ (మడ్డితనం) 1 లోపు. అందరూ మరిచిపోయేది శుద్ధయిన నీళ్ళ ట్యాంకు. అందులో నీళ్ళు ఒక రోజు మించి నిలవుంటే మళ్ళీ కుళ్ళుతాయి. అడుగున చిన్న ఎయిర్ డిఫ్యూజర్ ఒకటి వేయండి, మూణ్ణెల్లకోసారి కడిగించండి. టెర్రస్ మీది ఫ్లష్ ట్యాంకులను కూడా.

ఇంకో మాట. బోరు 820, ఎస్టీపీ 1450. తేడా 630. ఇంట్లో వాడకం వల్ల మామూలుగా 300 పెరుగుతుంది. మిగతా 330 ఎక్కడిది? మీ దగ్గర సాఫ్ట్‌నర్ (ఉప్పు వాడి నీళ్ళ కాఠిన్యం తీసే యంత్రం) ఉందా?

చింతామణి_చెరువు

కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల సంగతి ఇక్కడ పనికొస్తుంది. మా వైపు ఇళ్ళల్లో తెలుగే ఎక్కువ కాబట్టి చాలామంది చుట్టాల ద్వారా వినే ఉంటారు. కేసీ వ్యాలీ పథకం పెట్టి బెంగళూరు మురుగును శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. రూపకల్పన రోజుకు 440 ఎమ్మెల్డీ, అంటే 44 కోట్ల లీటర్లు. 2018 జూన్‌లో మొదటి నీళ్ళు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. అక్కడి నుంచి కాలువల్లో, వాగుల్లో వాటంతట అవే ఒక చెరువు నిండి ఇంకో చెరువుకు, అలా నూరు పైచిలుకు చెరువులు. చిక్కబళ్ళాపుర వైపు హెచ్ఎన్ వ్యాలీ అని ఇంకొకటి, 210 ఎమ్మెల్డీ.

ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా ఇది. వెయ్యడుగులు దాటి బోర్లు వేసిన నేల. నీళ్ళొచ్చాక చెరువుల చుట్టుపక్కల బోర్లలో మట్టం పైకొచ్చింది, ఎండిన బావుల్లోనూ నీరు కనిపించింది. ఇదీ మీలాంటి గ్రానైటే. కానీ తేడా చూడండి: ఇక్కడ బోరులోకి ఒక్క లీటరూ పోయరు. చెరువు నీళ్ళను నేరుగా మోటరు పెట్టి తోడడానికి వీల్లేదు. చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు, దాని కింద మట్టి, మొరం దాటి దిగిన నీళ్ళనే బోరుతో తీసుకోవాలి. వడకట్టే పని నేలది. దానికి ఎకరాలకెకరాలు చెరువు విస్తీర్ణం ఉంది. వాననీళ్ళూ వచ్చి కలుస్తాయి.

ఇంత ఉన్నా తగాదా తీరలేదు. 2018 జూలైలోనే లక్ష్మీసాగర చెరువులో తెల్లటి నురగ లేచింది. నీళ్ళు ఆపేశారు, హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇప్పటికీ రైతు సంఘాల ప్రధాన అభ్యంతరం ఒక్కటే: పంపేది రెండో దశ (సూక్ష్మజీవులతో చేసే) శుద్ధి నీళ్ళు, మూడో దశ కూడా చేసి పంపండి అని. అది న్యాయమైన మాట. రెండో దశలో నైట్రోజన్, ఫాస్ఫరస్ మిగిలే ఉంటాయి. చెరువుల్లో గుర్రపుడెక్క అంత ఏపుగా పెరగడం ఆ ఎరువు బలంతోనే. ఇంకో చిక్కు కూడా ఉంది. చెరువు ఎప్పుడూ నిండే ఉంటే అడుగు ఎండదు, నాచు, బురద కలిసి తోలులాంటి పొర కడుతుంది, ఇంకడం మందగిస్తుంది. వెనకటి చెరువులు వేసవిలో ఎండి, పగుళ్ళిచ్చి, రైతులు ఒండ్రు ఎత్తుకుపోయేవాళ్ళు కాబట్టే వానాకాలం నీళ్ళను అంత బాగా తాగేవి.

44 కోట్ల లీటర్లకు ఇన్ని ఎకరాల వడపోత ఉంటేనే ఇన్ని ప్రశ్నలు మిగిలాయి. ఎనిమిది అంగుళాల బోరుకూ దీనికీ పోలిక పెట్టకండి.

ఆరంజ్_కౌంటీ_తెలుగు

“బయట దేశాల్లో ఇలాగే చేస్తారు” అన్న మాటకు జవాబు. చేస్తారు, కానీ ఇలాగ కాదు.

కాలిఫోర్నియా ఆరంజ్ కౌంటీలో మురుగునీటితో భూగర్భజలాన్ని నింపే పని 1970ల నుంచి ఉంది. ఇప్పుడున్న ప్లాంటు ఫౌంటెన్ వ్యాలీలో 2008లో మొదలైంది. మొదట రోజుకు 7 కోట్ల గ్యాలన్లు, 2015లో 10 కోట్లు, 2023లో 13 కోట్లు, అంటే దాదాపు 49 కోట్ల లీటర్లు. వరస ఇలా ఉంటుంది. రెండో దశ శుద్ధి అయిన నీళ్ళు ముందు 0.2 మైక్రాన్ మైక్రోఫిల్ట్రేషన్ దాటతాయి. తర్వాత రివర్స్ ఆస్మాసిస్. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి బలమైన యూవీ కాంతి. ఈ చివరి మెట్టు ఎందుకంటే ఎన్‌డీఎంఏ, 1,4-డయాక్సేన్ లాంటి చిన్న అణువులు ఆర్వో పొరను కూడా దాటిపోతాయి. వాటిని విరగ్గొట్టాలంటే అది కావాలి.

ఆ నీళ్ళలో కొంత సముద్ర తీరం దగ్గర ఇంజెక్షన్ బావుల్లోకి పోతుంది. ఉప్పునీరు లోపలికి చొరబడకుండా అదొక గోడలా నిలబడుతుంది. మిగతాది 13 మైళ్ళ పైపులో అనహైమ్‌కు వెళ్ళి, ఇసుక గుంటల్లో పోస్తే ఇంకుతుంది. కింద ఉన్నది ఇసుక, గులకరాళ్ళ పొరలు, గ్రానైటు కాదు. మళ్ళీ తోడేలోపు భూమిలో కొన్ని నెలలైనా గడవాలని రాష్ట్ర నిబంధన. ఎక్కడైనా తేడా వస్తే కనుక్కుని సరిదిద్దుకోవడానికి ఆ సమయం. మెంబ్రేన్లకు గాలి ఒత్తిడి పెట్టి చీలికలున్నాయేమో పరీక్షిస్తారు. ఆర్వో తర్వాత కండక్టివిటీ, కర్బనం మీటర్లు నిరంతరం నడుస్తుంటాయి.

ఇంత చేసినా ఒక సంగతి తెలుసుకోదగ్గది. ఆర్వో నీళ్ళు మరీ శుద్ధంగా, ఆకలితో ఉంటాయి. సిమెంటు పైపులనూ తినేస్తాయి. అందుకని సున్నం కలిపి పంపుతారు. అనహైమ్ గుంటల కింద కాల్షియం, మెగ్నీషియం తక్కువున్న ఆ నీళ్ళు తగిలి, మట్టి రేణువులకు సహజంగా అతుక్కుని ఉన్న ఆర్సెనిక్ ఊడి నీటిలోకి వచ్చింది. నీళ్ళు శుభ్రంగా ఉండటం ఒక్కటే చాలదు, కింద ఉన్న రాయికీ వాటికీ పొత్తు కుదరాలి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, “ఇంకే ఫిల్టరు పెడితే సరవుతుంది”. ఆర్వో పెట్టారనుకోండి. 80 కేఎల్‌లో 75 శాతం మంచి నీళ్ళుగా వస్తే మిగతా 20 కేఎల్ ఉప్పునీరు రోజూ మిగులుతుంది. మీ 1450 టీడీఎస్ అందులో నాలుగింతలు, దాదాపు 5,800 అవుతుంది. ఆరంజ్ కౌంటీ దాన్ని పసిఫిక్‌లోకి పంపుతుంది. బండ్లగూడలో ఎక్కడికి పంపుతారు? డ్రైనేజీలో పోస్తే అది మూసీ కిందున్న పొలాలకు చేరుతుంది. అపార్ట్‌మెంటు స్థాయిలో ఈ దారి మూసుకుపోయినట్టే లెక్క.

బండ్లగూడ_కమిటీ

అందరికీ చాలా కృతజ్ఞతలు. బోరు ఆలోచన మానుకున్నాం. సాఫ్ట్‌నర్ ఉంది, రోజుకు సుమారు 30 కిలోల ఉప్పు పడుతుంది, కడిగిన నీళ్ళు ఎస్టీపీకే వెళ్తాయి.

ఫ్లష్‌కు 36, తోటకు 10 పోగా ఇంకా 40 కేఎల్ పైన మిగులుతుంది కదా. దాన్ని బోరులో కాకుండా మామూలు ఇంకుడు గుంతలో, అంటే పై మట్టిలోనే ఇంకిస్తే? కోలారు చెరువులాగే కదా.

ఎస్టీపీ_లాగ్‌బుక్

30 కిలోల ఉప్పును 90 కేఎల్‌తో భాగించండి: లీటరుకు 333 మిల్లీగ్రాములు. నేను వెతుకుతున్న 330 అదే. సాఫ్ట్‌నర్ కడిగిన నీళ్ళను ఎస్టీపీకి పంపడం ఆపండి. ఆపితే టీడీఎస్ 1,100 దగ్గరికి దిగుతుంది. తోటలో ఆకుల అంచులు మాడుతుంటే అదీ తగ్గుతుంది. దాన్ని విడిగా మురుగు లైనుకు పంపక తప్పదు. అంతకంటే మేలు, ఉప్పునే తగ్గించడం. గార్డెన్ కుళాయిలకు, కార్లు కడిగే లైనుకు సాఫ్ట్ నీళ్ళు పోతున్నాయేమో చూడండి, తీసేయండి. టైమర్ మీద కాకుండా వాడిన నీళ్ళ మీటరు మీద రీజనరేషన్ (సాఫ్ట్‌నర్‌ను ఉప్పుతో కడగడం) పెట్టండి.

రాతిపొర

పై మట్టిలో ఇంకించడం సూత్రప్రకారం సరైనదే, లెక్క వేస్తే మీ స్థలంలో కుదరదు.

ముందు ఇంకే వేగం కొలవాలి. మీటరు లోతు గుంత తవ్వి, ముందురోజు నీళ్ళు పోసి బాగా నాననిచ్చి, మర్నాడు మళ్ళీ నింపి గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో స్కేలుతో చూడాలి. పొడినేలలో మొదటిసారి కొలిచిన అంకె పెద్దగా వచ్చి మోసం చేస్తుంది. నానిన తర్వాత 20 వచ్చిందనుకుందాం. అది మంచినీళ్ళతో. శుద్ధి చేసిన మురుగుతో పైన పొర కడుతుంది కాబట్టి నాలుగో వంతే పట్టుకోవాలి, గంటకు 5. రోజుకు 120 మిల్లీమీటర్లు. ఆ పొర ఎండి పెచ్చులూడాలంటే గుంతను సగం రోజులు ఖాళీగా ఉంచాలి, అంటే సగటున 60. చదరపు మీటరుకు రోజుకు 60 లీటర్లు. 40 వేల లీటర్లకు 670 చదరపు మీటర్లు, దాదాపు 800 గజాలు. అంత ఖాళీ నేల మీకుందా? ఉన్నా అక్కడ నీళ్ళు నిలిస్తే దోమలు.

దీనికి తోడు ఉప్పు చక్రం. మీ బోరు నుంచి తోడిన నీళ్ళే వాడి, ఉప్పు కలిపి, మళ్ళీ మీ బోరు కిందే ఇంకిస్తారు. ఒక్కో చుట్టుకు 300 పెరుగుతుంది. కోలారులో బెంగళూరు నీళ్ళు ఇంకెక్కడి నుంచో, ఎక్కువగా కావేరి నుంచి వచ్చినవి. మీది చిన్న గిన్నెలో తిరిగే నీరు. నైట్రేట్‌దీ అదే దారి.

కాబట్టి మిగిలిన 40 కేఎల్‌ను వేరే వాడకానికి మళ్ళించండి. పక్కన కట్టడాలు జరుగుతుంటే క్యూరింగ్‌కు (సిమెంటు తడపడానికి), దుమ్ము అణచడానికి ట్యాంకర్లకు ఇవ్వండి. రోడ్డు మధ్య మొక్కలకు అడుగుతారు. వాళ్ళు కూడా ఆ మేరకు బోరు నీళ్ళు తోడటం మానేస్తారు.

ఎండిపోయిన బోరుకు పని కావాలంటే దానికి వాన నీళ్ళివ్వండి, డాబా మీది వాన నీళ్ళు మాత్రమే. 4,000 చదరపు మీటర్ల డాబా ఉంటే 25 మిల్లీమీటర్ల ఒక్క వానకు, నూటికి 85 వంతులే చేతికొచ్చినా, 85 కేఎల్ వస్తుంది. తొలి వాన మొదటి 2 మిల్లీమీటర్లు బయటికి వదిలేయాలి. దుమ్ము, పావురాల రెట్ట అందులోనే ఉంటాయి. తర్వాత ఒండ్రు తొట్టి, దాని తర్వాత బోరు చుట్టూ 3 మీటర్ల గుంత. గుంతలో అడుగున పెద్ద రాయి, పైన 40 మిల్లీమీటర్ల కంకర, ఆపైన ముతక ఇసుక. ఇసుక పొర కింద మాత్రమే కేసింగ్‌కు రంధ్రాలు పెట్టి, నైలాన్ వల రెండు చుట్లు చుట్టాలి. ఇసుక పై 10 సెంటీమీటర్లు ఏటా మే నెలలో తీసేసి కొత్తది పోయాలి. ఎక్కువమంది ఈ పని చేయకే గుంతలు మూడో ఏడు మూసుకుపోతాయి. పార్కింగ్, రోడ్ల మీది నీళ్ళు ఇందులోకి రానీయకండి, ఆయిల్ ఉంటుంది. ఎస్టీపీ గది, మురుగు చాంబర్లు పొర్లితే ఆ నీళ్ళు ఈ గుంత వైపు వచ్చే వాలు ఉందేమో కూడా చూసుకోండి.

పని మొదలుపెట్టేముందు నీళ్ళున్న రెండు బోర్లలో నైట్రేట్, క్లోరైడ్, టీడీఎస్, ఈ-కోలై పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. ఏడాదికి రెండుసార్లు, మేలో, నవంబరులో. క్లోరైడ్ ఊరికే పెరుగుతూ పోతుంటే ఎక్కడో మురుగు లైను కారుతున్నట్టు.

బండ్లగూడ_కమిటీ

బ్లోయర్ టైమర్ చూశాం. రాత్రి 11 నుంచి 5 దాకా ఆపేసి ఉంది. పొద్దున డీఓ 0.3. తీసేయించాం. అమోనియా దిగాక ఫ్లష్ లైను మార్చాలనుకుంటున్నాం. రెండేళ్ళలో ప్లంబర్లు ఎక్కడెక్కడ ఏం కలిపారో తెలియదు. తాగే లైనుతో కలిసిందేమో ఎలా కనిపెట్టాలి?

ఎస్టీపీ_లాగ్‌బుక్

టవర్ టవర్‌కు విడిగా చేయండి. ముందు మంచినీళ్ళ లైను మొత్తం కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి ఖాళీ చేయండి. ఇప్పుడు ఫ్లష్ లైనులో మాత్రమే నీళ్ళు వదలండి, అదీ బోరు నీళ్ళే, ఇంకా ఎస్టీపీవి కాదు. ప్రతి ఫ్లాటులో వంటింటి కుళాయి, వాష్ బేసిన్, షవర్, గీజర్ లైను తిప్పి చూడండి. ఎక్కడ నీళ్ళొస్తే అక్కడ కలిసినట్టు. తర్వాత తిరగేసి చేయండి: ఫ్లష్ లైను కట్టేసి మంచినీళ్ళు వదిలి, సిస్టర్న్ నిండుతోందేమో చూడండి. ఇల్లు తాళం వేసి ఉందని ఏ ఫ్లాటునూ వదిలేయకండి. ఒక్కటి మిగిలినా ఆ టవర్ అంతటికీ లెక్కే.

అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది టాయిలెట్‌లో జెట్ స్ప్రే. ప్లంబర్లు సిస్టర్న్‌కిచ్చే యాంగిల్ కాక్ తీసేసి, రెండు నోళ్ళ కాక్ బిగించి, ఒకటి సిస్టర్న్‌కు, రెండోది జెట్‌కు ఇస్తారు. పని సులువు కాబట్టి. ఎస్టీపీ నీళ్ళు వదిలితే అవి నేరుగా ఒంటికి తగులుతాయి. జెట్ తప్పకుండా మంచినీళ్ళ లైను మీదే ఉండాలి. 200 ఫ్లాట్లలో ప్రతి టాయిలెట్‌లో వంగి ఆ కాక్ చూడాల్సిందే.

ఇంకొకటి టెర్రస్ మీద. ఎస్టీపీ నీళ్ళు తగ్గితే వాడుకుందామని బోరు లైనును వాల్వ్ పెట్టి ఫ్లష్ ట్యాంకుకు కలిపి ఉంటారు. ఆ వాల్వ్ కారితే ఎస్టీపీ నీళ్ళు వెనక్కి మంచినీళ్ళలోకి లాగుతాయి. వాల్వ్‌ను నమ్మకుండా పైపు కోయించి, ట్యాంకు ఓవర్‌ఫ్లో మట్టానికి ఆరంగుళాలు పైన, ఖాళీలో నీళ్ళు పడేలా పెట్టించండి.

మార్చిన మొదటి వారం రోజూ ప్రతి టవర్‌లో కింది అంతస్తు, పై అంతస్తు వంటింటి కుళాయిల్లో టీడీఎస్ మీటరు పెట్టి రాసుకోండి. సాఫ్ట్‌నర్ నీళ్ళు దాదాపు 820 ఉండాలి, ఎస్టీపీవి 1,100 పైన. ఎక్కడైనా అంకె మధ్యలోకి వచ్చిందంటే వెంటనే ఆ టవర్ ఫ్లష్ మెయిన్ వాల్వ్ కట్టేసి, తర్వాత వెతకండి.